టీచరమ్మ నవలలో మా అమ్మ చీపురు

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. మానేశానంటే గౌరవంగా ఉంటుంది గానీ, లెక్కల మాస్టారి నడక ఎలా ఉంటుందో ఆయన వెనకాలే నడిచి చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగారు. అంతటితో నా చదువు పూర్తయింది. అలాంటివాడు చెప్పిన అబద్ధం ఒకటి కెనడాలో మా హామిల్టన్ లైబ్రరీలో, చరిత్ర నవలల అరలో, గట్టి అట్టల మధ్య భద్రంగా కూర్చుని ఉంది.

ఈమధ్య సార్నియా కాలేజీలో చదువు ముగించుకుని ఇటు వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు, "వీల్‌చెయిర్ వాన్ నడిపే జాబ్‌కి అప్లై చేశాం అంకుల్, ఏమైనా టిప్స్ చెప్పండి" అని అడిగారు. బండి నడపడం, పట్టీలు బిగించడం ట్రైనింగులో నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది చెబుదామని ఇది రాస్తున్నాను. ప్రయాణికుల పేర్లు బయట చెప్పకూడదన్నది మా ఉద్యోగంలో రూలు. రిటైరయినా అది వదల్లేదు. అందుకని ఎవరి పేరూ రాయను.

నా భార్య నర్సు. ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చాను. కాగితాల మీద నా అర్హత భర్త. ఆ అర్హతకి దొరికిన పనులు కొన్ని చేసి, చివరికి ఆసుపత్రులకి పేషెంట్లను తీసుకెళ్ళే వాన్ పట్టుకుని పందొమ్మిదేళ్ళు నడిపాను. ర్యాంపు దింపి, చక్రాల కుర్చీని లోపలికి తోసి, నాలుగు పట్టీలతో నేలకి బిగించాలి. బిగించాలంటే కుర్చీలో ఉన్న మనిషి ముందు మోకాళ్ళ మీద కూర్చోక తప్పదు. వారానికి మూడుసార్లు ఒకే మనిషి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఇంకో రూలు కూడా ఉంది. మనిషిని దింపగానే వాన్ నేల ఊడవాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు చక్రాలకి అంటుకుని లోపలికొచ్చి, ఆరి, తెల్లగా గట్టిపడిపోతుంది మరి.

టీచరమ్మ అన్నది నేను పెట్టిన పేరు. అప్పటికే డెబ్బై దాటింది. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయింది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. మొదటి రోజే నన్ను పరీక్ష చేసింది.

"నువ్వేం చదువుకున్నావు?"

"తొమ్మిదో తరగతి మేడమ్. అందులోనూ సగమే."

"ఎందుకు మానేశావు?"

"మీలాంటి టీచరుంటే మానేసేవాణ్ణి కాదు."

"నాలాంటి టీచరుంటే నిన్ను ఎనిమిదిలోనే పంపించేసేది."

ఇక మా ఇద్దరికీ కాలక్షేపానికి లోటు లేకపోయింది.

ఆవిడ పూర్వీకులు బంగాళాదుంపల కరువులో ఐర్లండు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. రిటైరయ్యాక ఆ కాలం మీదే నవలలు రాసేది. అప్పటికి నాలుగు అచ్చయ్యాయి. పాఠకులు తక్కువ, కానీ ఉన్నవాళ్ళు ఆవిడ కన్నా పెద్ద టీచర్లు. కథలో ఎవరైనా ఫలానా ఏడు ఫలానా బొత్తం పెట్టుకున్నారని రాస్తే, ఆ బొత్తం అప్పటికి లేదని ఉత్తరాలు రాసే రకం. అందుకే ఆవిడ ఒడిలో ఎప్పుడూ ఒక నీలం నోట్‌బుక్ ఉండేది. పల్లెజనం నమ్మకాలు, అవి ఎవరు చెప్పారు, వాళ్ళది ఏ ఊరు, అన్నీ అందులో ఉండేవి. "నా నవలల్లో మనుషుల్ని కల్పిస్తాను. నమ్మకాల్ని మాత్రం కల్పించను" అనేది.

ఆ నమ్మకాలు వింటుంటే నాకు మా అమ్మ పక్కన కూర్చున్నట్టుండేది. రాత్రి కాళ్ళు కడుక్కున్న నీళ్ళు ఇంట్లో ఉంచకూడదట. ఉంచితే, కంటికి కనపడని జనం ఉంటారు, వాళ్ళు లోపలికి వచ్చేస్తారట. వాళ్ళని అసలు పేరుతో పిలవరు, 'మంచివాళ్ళు' అంటారు. ఆ నీళ్ళు పారబోసే ముందు గుమ్మంలో నిలబడి "జాగ్రత్త!" అని కేక వెయ్యాలి. లేకపోతే మంచివాళ్ళ బట్టలు తడుస్తాయి. ఇంకొకటి, మే నెల మొదటి రోజు పొద్దున ఎవరొచ్చి అడిగినా నిప్పూ పాలూ ఇవ్వరు. ఇస్తే ఆ ఏటి అదృష్టం కూడా వాటి వెంటే గడప దాటిపోతుంది.

"మా అమ్మ కూడా అంతే మేడమ్," అన్నాను. "దీపాలు పెట్టాక ఉప్పు ఇచ్చేది కాదు. పక్కింటావిడ వచ్చి నిలబడితే, కూర వండి గిన్నెతో ఇచ్చేది గానీ చిటికెడు ఉప్పు ఇచ్చేది కాదు."

ఆవిడ పకపకా నవ్వింది. నోట్‌బుక్ మాత్రం తెరవలేదు.

"రాసుకోరా?"

"అది మీ అమ్మది. నా కథలో పిల్లలు ఐర్లండు పడమటి తీరం పిల్లలు, క్లేర్ జిల్లా వాళ్ళు. వాళ్ళింట్లో మీ అమ్మకేం పని?"

న్యాయమైన మాటే. అయినా ఎక్కడో గుచ్చుకుంది.

జనవరి ఆఖరి రోజు ఇంటి దగ్గర దింపితే, నా చేతికో గుడ్డముక్క ఇచ్చి వాకిట్లో కటకటాలకి కట్టమంది. ఆ సాయంత్రం ఒక సాధ్వి ఊళ్ళన్నీ తిరుగుతూ బయట కట్టిన గుడ్డలు తాకి వెళ్తుందట. ఆ గుడ్డ ఏడాది పొడుగునా తలనొప్పికి మందట. బయట మైనస్ పద్దెనిమిది. మళ్ళీ నేను వెళ్ళేసరికి అది బిర్రబిగిసి అప్పడమైంది.

"మీ సాధ్వి తాకిందో లేదో తెలియదు మేడమ్. వేయించడానికి నూనె పెట్టమంటారా?"

డయాలిసిస్ అయ్యాక ఆవిడకి ఎప్పుడూ తలనొప్పి వచ్చేది. ఆ రోజు ఆ అప్పడాన్ని నుదుటి మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తగ్గిందా?"

"ఐసు పెడితే ఎవరికైనా తగ్గుతుంది," అంది కళ్ళు తెరవకుండానే. ఆవిడకి నమ్మకాల మీద నమ్మకం లేదు. వాటిని నమ్మిన మనుషుల మీద ఉండేది.

ఆ శీతాకాలం ఐదో నవల రాస్తోంది. కరువులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఓడలో ఒక్కరికే చోటు. అక్క కెనడా బయల్దేరుతుంది. ఐర్లండులో అలా వెళ్ళేవాళ్ళ కోసం ముందు రాత్రి ఊరంతా చేరి, చనిపోయిన మనిషి పక్కన కూర్చున్నట్టే తెల్లవార్లూ కూర్చుంటారట. అదంతా రాసేసింది. తెల్లారి అక్క వెళ్ళిపోయింది. అక్కడ కథ ఆగిపోయింది.

"చెల్లెలు ఏం చేస్తుంది?" అంది ఒక బుధవారం. "నెల రోజులుగా ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్ళడం నా వల్ల కావడం లేదు. ఈ పుస్తకం పూర్తి చేసేంత టైం నాకుందో లేదో కూడా తెలియదు."

"ఇల్లు ఊడవదు," అన్నాను, పట్టీ బిగిస్తూ, తలెత్తకుండా.

"ఏంటి?"

"మనిషి ప్రయాణమైతే వెంటనే ఇల్లు ఊడవకూడదు మేడమ్. ఊడిస్తే మనిషి జాడ కూడా ఊడ్చేసినట్టే. మళ్ళీ రారు. వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరేదాకా చీపురు ముట్టకూడదు."

అది మా అమ్మ పద్ధతి. మా నాన్న బస్సెక్కి బందరు వెళ్తే, బస్సు బందరు చేరే వేళ దాటేదాకా ఇల్లు చెత్తతో అలాగే ఉండేది. ఒకసారి బస్సు చెడిపోయిందని కబురొస్తే మర్నాటిదాకా ఊడవలేదు. "ఇల్లా, చేపల మార్కెట్టా?" అని మా బాబాయి వెక్కిరిస్తే, "మీ అన్నయ్య వచ్చాక ఊడుస్తాలే, కాళ్ళు ఎత్తుకుని కూర్చో" అంది.

నా తలకి పైన చప్పుడు. నీలం నోట్‌బుక్ తెరుచుకుంది. కలం మూత ఊడింది.

"ఎవరు చెప్పారు నీకు?"

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. అమ్మ చెప్పిందంటే ఆ నోట్‌బుక్ మూసుకుంటుంది. ఉప్పు సంగతిలో అది తెరుచుకోనే లేదు, చూశాను. కాస్త ఉక్రోషం, కాస్త ఆవిడ మీద జాలి, అన్నిటికన్నా ఎక్కువ నా నోటి దురద.

"ఇదివరకు నా వాన్‌లో ఒక ముసలాయన వచ్చేవారు మేడమ్. ఐర్లండు మనిషి."

"ఐర్లండులో ఎక్కడ?"

"మీరు చెప్తుంటారే, క్లేర్. అక్కడే."

"పేరు?"

"ప్రయాణికుల పేర్లు చెప్పకూడదు కదా మేడమ్. రూలు."

ఎంత తెలివో చూడండి. ఆ తెలివి లెక్కల్లో చూపించి ఉంటే పది పాసయ్యేవాణ్ణి.

శుక్రవారం చెప్పేసి నవ్విద్దామనుకున్నాను. శుక్రవారానికి ఆవిడ ఒక అధ్యాయం రాసేసింది. వాన్ ఎక్కగానే చదివి వినిపించింది. మట్టి నేల, బూడిదలో అక్క పాదాల గుర్తులు, చెల్లెలు వాటిని తప్పించుకుంటూ గోడవారగా నడవడం. తరవాత భూస్వామి మనుషులు ఇల్లు కూలగొట్టడానికొస్తారు. ఆ పిల్ల ఇల్లు కూల్చవద్దని బతిమాలదు, నేల తొక్కవద్దని బతిమాలుతుంది. ఆ వాక్యాన్ని టీచరమ్మ రెండుసార్లు చదివింది. చెబుదామనుకున్న జోకు నేను మింగేశాను. సోమవారం చెబుదామనుకున్నాను. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క ట్రిప్పుకీ ఆలస్యంగా వెళ్ళలేదు నేను. ఈ ఒక్కదానికీ ఎన్ని సోమవారాలు తప్పానో.

మా డిపోలో కరీంనగర్ తమ్ముడు ఒకడుండేవాడు. అక్కడ ఇంజినీరు, ఇక్కడ నా పక్క వాన్. నా జోకులకి అందరికన్నా ముందు నవ్వేవాడు. ఇది చెబితే నవ్వలేదు.

"గదేంది అన్నా? నీ అమ్మ మాట తీస్కపోయి ఎవడో లేని ముసలోని నోట్ల పెట్టినవా?"

"నవల్రా బాబూ. కథలో ఏదైతే ఏంటి?"

"ఆమెకు ఏదైతే ఏంది కాదు కదనే. చెప్పెయ్యి."

"చెప్తాలే."

ఏడాదిన్నరకి పుస్తకం వచ్చింది. వెనక అట్ట మీద కూడా ఊడవని నేల గురించే రాశారు. నాకూ ఒక కాపీ ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మాయి రెండు రోజుల్లో చదివేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"డాడ్! నానమ్మ యూజ్డ్ టు డూ దిస్! హౌ డజ్ షీ నో?"

"ప్రపంచంలో చీపుర్లన్నీ చుట్టాలేనమ్మా," అన్నాను. మా అమ్మ పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో పుస్తకం గురించి సభ పెట్టారు. నాకు డ్యూటీ లేదు. అయినా ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి ఆ రోజు ట్రిప్పు అడిగి వేయించుకున్నాను. ఐరిష్ వారసత్వ సంఘం వాళ్ళు వచ్చారు. ఈ నవలని వాళ్ళ సభ్యులందరి చేతా చదివించాలని అనుకుంటున్నారట. అలా జరిగితే రెండో ముద్రణ వేస్తామని ప్రచురణకర్త మాటిచ్చాడట. టీచరమ్మ ఆకుపచ్చ శాలువా కప్పుకుంది. అంత అందంగా ఎప్పుడూ చూడలేదు.

చదవడం అయ్యాక ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. జానపద నమ్మకాల మీద యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయినాయన. మర్యాదగానే అడిగాడు.

"మే నెల మొదటి రోజు పొద్దున ఊడవకూడదన్నది విన్నాను. మనిషి ప్రయాణమైతే ఊడవకూడదన్నది ఐర్లండు సేకరణల్లో నాకెక్కడా కనపడలేదు. ఈ నవలంతా దాని మీదే నిలబడి ఉంది కదా. మీకెక్కడ దొరికింది?"

టీచరమ్మ తల తిప్పి, తలుపు పక్కన ఆవిడ కోటు పట్టుకుని నిలబడ్డ నా వైపు చూసింది.

"ఆ మాట నాకు తెచ్చిచ్చినాయన ఇక్కడే ఉన్నాడు. ఆయన్నే అడుగుదాం."

నవ్వింది. జవాబు తెలిసిన పిల్లాణ్ణి క్లాసులో లేపేటప్పుడు టీచర్లు నవ్వే నవ్వు అది. అప్పుడు నాకు అర్థం కాలేదు. నన్నెవరూ అలా లేపలేదుగా.

హాలంతా నా వైపు తిరిగింది. చెప్పాల్సింది మూడే మాటలు. మా అమ్మ చెప్పింది, అని. అవి నోటిదాకా వచ్చాయి. వాటిని తోసుకుని అలవాటైనది ముందు బయటికొచ్చింది.

"ఆ పెద్దాయన ఇప్పుడు సాక్ష్యం చెప్పలేరండి. నా వాన్ దిగి, పైకెళ్ళే బండెక్కేశారు."

అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. నా జీవితంలో నా జోకుకి అంతమంది నవ్వింది అదే మొదటిసారి. టీచరమ్మ నవ్వలేదు. ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "అయితే తప్పు నాది. ఆధారం చూసుకోకుండా రాశాను," అంది.

తిరుగు ప్రయాణంలో వాన్ ఎక్కించి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మూడు పట్టీలు బిగించాను. నాలుగోది చేతిలోనే ఉంది.

"మేడమ్, ఆ ముసలాయన లేడు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు సెలవు పెట్టిన రోజు నీ స్నేహితుడు వచ్చాడు. మీ ఇళ్ళల్లో మనిషి ప్రయాణమైతే ఏం చేస్తారని అడిగాను. మా అమ్మ చీపురు ముట్టదు మేడమ్ అన్నాడు. అప్పటికి సగం పుస్తకం ఆ నేల మీద కట్టేశాను. తీసేస్తే అంతా కూలుతుంది. తీసెయ్యాలని కూడా అనిపించలేదు. అది నిజమైన నమ్మకమే కదా, ఊరొక్కటే తప్పు."

"మరి నన్ను అడగొచ్చుగా?"

"చరిత్ర నవలకి చివర ఒక పేజీ ఉంటుంది. ఇందులో ఏది నిజం, ఏది కల్పన, ఏది ఎక్కణ్ణుంచి తెచ్చాను అని రచయిత చెప్పుకునే పేజీ. అందులో ఒక వాక్యం రాసి పెట్టాను. ఊడవని నేల ఐర్లండుది కాదు, నా డ్రైవరు తల్లి ఫలానా ఆవిడ ఇచ్చింది అని. పేరు దగ్గర చుక్కలు పెట్టి ఉంచాను. నేనడిగితే నిన్ను పట్టుకున్నట్టవుతుంది. నువ్వు చెబితే ఇచ్చినట్టవుతుంది. ప్రెస్సుకి పంపే రోజు వరకూ చూశాను. చుక్కలతో అచ్చు వెయ్యరు కదా, ఆ వాక్యం తీసేశాను." ఒడిలో నోట్‌బుక్ సర్దుకుని, "ఇవాళ కూడా చూశాను," అంది.

నాకు ఒక్క జోకు కూడా తోచలేదు. ఈ తోచకపోవడమేదో ఇందాక హాల్లో జరిగుంటే సరిపోయేది.

"ఇప్పుడు చెప్పు మీ అమ్మ పేరు. రెండో ముద్రణలో వేద్దాం," అంది. చెప్పాను. మూడుసార్లు పలికించుకుని, నీలం నోట్‌బుక్‌లో రాసుకుంది. క్లేర్ అని ఉన్నచోట కొట్టేసి మా ఊరి పేరు రాసింది.

సోమవారం డిపోలో కరీంనగర్ తమ్ముడి మీద ఎగిరాను. "ఒక్క మాట నాతో చెప్పాలిగా!"

"ఆమె అడిగింది అన్నా. మా అమ్మ ఊడుస్తదని అబద్ధం చెప్పాల్నా?" అన్నాడు. మళ్ళీ వాడే, "నువ్వు చెప్తా అన్నవ్ గదా. చెప్పినవనుకున్న," అన్నాడు.

వారసత్వ సంఘం పత్రికలో ఆ పెద్దమనిషి వ్యాసం రాశాడు. కరువు గురించి ఇంత బాగా రాసిన రచయిత్రి లేని నమ్మకాన్ని పుట్టించడం విచారకరం అని. సంఘం వెనక్కి తగ్గింది. రెండో ముద్రణ ఆగిపోయింది. ఆవిడ పాఠకులు ఉత్తరాలు రాశారు. బొత్తాల గురించి రాసేవాళ్ళు చీపురుని వదుల్తారా? అన్నిటికీ ఆవిడ ఒకటే జవాబు రాసింది, తప్పు నాదేనని. నా ఊసు ఎక్కడా ఎత్తలేదు.

పత్రికకి నేనే ఉత్తరం రాస్తానన్నాను. మా అమ్మాయి "ఐ విల్ టైప్ ఇట్ ఫర్ యూ, డాడ్" అంది. కానీ తొమ్మిదో తరగతి సగం మనిషి, ప్రొఫెసర్లకి ఇంగ్లీషులో ఉత్తరం! పండగలు అయ్యాక అన్నాను. మంచు తగ్గాక అన్నాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపాను. బాగా నీరసంగా ఉంది. గడప దాకా కుర్చీ తోశాను. "ఉత్తరం?" అంది. "సోమవారం తెస్తా మేడమ్, మీరు తప్పులు దిద్దాలి," అన్నాను. "ఎర్ర పెన్ను సిద్ధంగా ఉంచుతాను," అంది. వెనక్కొచ్చి చూస్తే వాన్ నేల మీద ఉప్పు నీళ్ళలో ఆవిడ చక్రాల గీతలు రెండు. రేడియోలో మాకు ట్రిప్పులు పంచే డిస్పాచ్ ఆవిడ నెక్స్ట్ పికప్ అని తొందరపెడుతోంది. చీపురు తీసి బరబరా ఊడ్చేశాను. ఆవిడ ఇంటి తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

సోమవారం పొద్దున నా లిస్టులో ఆవిడ పేరు లేదు. తప్పు పడిందేమోనని రేడియోలో అడిగాను. ఎప్పుడూ గదమాయించే డిస్పాచ్ ఆవిడ మెల్లగా, "ఐ యామ్ సారీ, డార్లింగ్," అంది. జేబులో ఆ రోజు ఉత్తరం ఉంది. నిజంగానే ఉంది. ఆదివారం కూర్చుని రాశాను, తప్పులతో.

చీపురు వల్ల మనుషులు పోరు. ఆవిడ పోయింది కిడ్నీల వల్ల. అది నాకూ తెలుసు. నర్సు మొగుణ్ణి. అయినా ఆ తరవాత రిటైరయ్యే దాకా ఏ ప్రయాణికుణ్ణి దింపినా, ఆ మనిషి లోపలికెళ్ళి తలుపేసుకుని దీపం వేసుకునేదాకా చీపురు ముట్టలేదు. రెండు వార్నింగులు వచ్చాయి. రెండూ దాచుకున్నాను.

ఉత్తరాన్ని మా అమ్మాయి దిద్ది పత్రికకి పంపింది. వేశారు, ఆఖరి పేజీలో, కేకుల పోటీ ఫలితాల కింద. పుస్తకం మాత్రం మారదు కదా. అందుకని లైబ్రరీకి వెళ్ళి, చివరి పేజీలో, ఆ వాక్యం ఉండాల్సిన చోట, మా అమ్మ పేరు పెన్సిలుతో రాశాను. లైబ్రరీవాళ్ళు చెరిపేశారు. మళ్ళీ రాశాను. "డాడ్, యూ కాంట్ రైట్ ఇన్ ఎ లైబ్రరీ బుక్!" అని మా అమ్మాయి తల పట్టుకుంది. పోయిన వారం వెళ్ళి చూస్తే మళ్ళీ చెరిపేసి ఉంది. చెరిపి చెరిపి అక్కడ కాగితం పలచబడింది. ఇంకోసారి రాస్తే చిరుగుతుంది.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. టీచరమ్మ నవలలో ఊడవని నేల క్లేర్‌లో ఏ ముసలాయనదీ కాదు. అది బందరు దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మది. ఆవిడ పేరు రాఘవమ్మ.